ఇష్టపడి వెళ్ళినవాళ్ళు

“వాళ్ళేమైనా పాలు తాగే పిల్లలా వదినా? తెలిసే బండెక్కారు. ఇష్టపడి వెళ్ళినవాళ్ళ గురించి మనం ఏడవడం దేనికి?”

ఈ మాట అన్నది మా మరిది. గోంగూర పచ్చడిలో నూనె కలుపుకుంటూ అన్నాడు. ముద్ద కలుపుకుంటూ ముక్కూ మొహం తెలియనివాళ్ళ చావుల మీద తీర్పు చెప్పడం మన మగవాళ్ళకి ఎంత సులువో మీకు తెలియంది కాదు.

మోటార్ సైకిల్ పందేలంటే మా ఇంట్లో మగవాళ్ళకి పిచ్చి. ఆదివారం మధ్యాహ్నం అయ్యేసరికి టీవీ ముందు జట్టు కడతారు. ఏ బండి ఏ కంపెనీది, ఎవడి నంబరెంత, ఎవడు ఏ మలుపులో మోకాలు నేలకి ఆనించాడు, అన్నీ నోటికి వచ్చు. ఇంట్లో రేషను కార్డు ఎక్కడుందో మాత్రం చచ్చినా తెలియదు. వాళ్ళకి కాఫీలందిస్తూ, ఉల్లిపాయలు తరుక్కుంటూ నేనూ చూస్తూనే వుంటాను. చూడగా చూడగా నాకూ ఆసక్తి పుట్టింది. పుట్టాక పాత సంగతులు చదవడం మొదలెట్టాను. చదివాక ఒళ్ళు మండింది.

“ఇదేం గొడవమ్మా, మనకెందుకు?” అని పేజీ తిప్పెయ్యకండి. 1973వ సంవత్సరం పందేల సంగతి చెబుతాను. ఆ ఒక్క ఏడాది కథ విన్నాక “ఇష్టపడి వెళ్ళాడు”, “అలా రాసిపెట్టి వుంది” అనే ఈ రెండు మాటలూ ఎవరి తప్పుని ఎవరి నెత్తిన రుద్దుతాయో మీరే చూద్దురుగాని.

ముందు ఆ పందేలేమిటో రెండు ముక్కలు. 1949 నుంచి ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరుగుతోంది. ఇంజను సైజుని బట్టి తరగతులు. 1973లో 50 సి.సి. నుంచి 500 సి.సి. దాకా అయిదు తరగతులుండేవి, సైడ్‌కారు తగిలించిన బండ్లది ఇంకొకటి. వేసవి మొదట్లో ఫ్రాన్సులో బయల్దేరి, దేశం తర్వాత దేశం తిరిగి, సెప్టెంబరులో స్పెయిన్‌లో తేలేవారు. ప్రతి పందెంలోనూ మొదటివాడికి 15 పాయింట్లు, రెండోవాడికి 12, అలా పదోవాడి దాకా. ఒకే రైడరు ఒకే రోజున రెండు తరగతుల్లో పందెం చెయ్యడం మామూలు. కొన్నిచోట్ల దీనికోసమే కట్టిన ట్రాకులు. కొన్నిచోట్ల మాత్రం మామూలు రోడ్లే. ఆ రెండు మూడు రోజులూ రాకపోకలు ఆపేసి, ఇళ్ళ గోడల పక్కనుంచీ కరెంటు స్తంభాల పక్కనుంచీ బండ్లు వదిలేవారు.

ఇహ మనుషుల దగ్గరికొద్దాం.

ఫిన్లాండులో తుర్కు అనే ఊరి కుర్రాడు యార్నో సారినెన్. ఇంజనీరింగు చదివాడు. వాళ్ళ దేశంలో చలికాలం నీళ్ళు గడ్డకట్టిపోతే ఆ మంచుగడ్డల మీద కూడా బండి పందేలు పెట్టుకుంటారు. అందులో పండినవాడు కనక చక్రం కాస్త జారినా కంగారుపడే రకం కాదు. 1972లో 250 సి.సి. ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, 94 పాయింట్లతో. రెండోవాడు ఇటలీకి చెందిన రెంజో పసోలినీ, 93 పాయింట్లు. ఒక్కటంటే ఒక్క పాయింటు తేడా. పసోలినీ కళ్ళజోడు పెట్టుకుని పందెం తోలే మనిషి. ఫోటోలో చూస్తే రేసులు తోలేవాడిలా వుండడు, బ్యాంకులో క్యాషియరులా వుంటాడు. పెళ్ళాం పిల్లలున్న సంసారి.

1973 వచ్చేసరికి సారినెన్‌కి పట్టపగ్గాల్లేవు. మార్చిలో అమెరికా వెళ్ళి డేటోనా 200 మైళ్ళ పందెం గెలిచాడు. యూరపు మనిషి అది గెలవడం అదే మొదలు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదలవగానే ఫ్రాన్సులోనూ ఆస్ట్రియాలోనూ 250, 500 రెండు తరగతుల్లోనూ తనే మొదటివాడు. జర్మనీలో 250 గెలిచాడు, 500లో గొలుసు తెగి ఆగిపోయాడు. వయసు 27. బండి యమహా.

భార్య పేరు సోయిలీ. పందెం పందేనికీ అతనితోపాటు తిరిగేది. ట్రాకు పక్కన స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడి అతని చుట్ల లెక్క రాసేది.

ఆ రోజుల్లో ఆ మైదానాల్లో ఇలాంటి ఆడవాళ్ళు చాలామందే వుండేవారు. వ్యాన్లూ, కారవాన్లూ, గుడారాలూ, అదే వాళ్ళ ఊరు. అక్కడే వంట, అక్కడే బట్టలుతుకు, అక్కడే చంటిపిల్లలకి పాలు. నాలుగు దేశాల డబ్బులు నాలుగు సంచుల్లో పెట్టుకుని లెక్క చూసేది వాళ్ళే. పందెం మొదలయ్యేసరికి చేతులు తుడుచుకుని వాచీ పట్టుకునేదీ వాళ్ళే. జీతం లేదు, పేపర్లో పేరు లేదు. ఫోటో మాత్రం అప్పుడప్పుడు వేసేవారు, గెలిచినవాడి బుగ్గ మీద ముద్దు పెడుతూ.

ఆ వాచీ పని గురించి ఒక్కసారి ఆలోచించండి. మనిషి కళ్ళముందు నుంచి రివ్వున వెళ్ళిపోతాడు. మళ్ళీ ఆ చుట్టు తిరిగి వచ్చేదాకా ఆ ముల్లు వైపూ, ఈ మలుపు వైపూ చూస్తూ నిలబడాలి. ఇన్ని నిముషాల ఇన్ని సెకన్లకి రావాలని ఆవిడకి తెలుసు. రాలేదు. రావలసిన క్షణం దాటిపోయింది. ఆ సంగతి ముందు తెలిసేది నిర్వాహకులకి కాదు, డాక్టరుకి కాదు, మైకులో అరిచేవాడికి కాదు. వాచీ పట్టుకున్న ఆడదానికి.

ఈ పందేలు ఎక్కడ జరపాలో, ఎలా జరపాలో నిర్ణయించే కమిటీల్లో ఆవిడ మాట అడిగినవాడు లేడు.

1973 మే 20. ఇటలీలో మోంజా. 350 సి.సి. పందెం అయిపోయింది, తర్వాత 250. ఆ ముందు పందెం ఆఖరి చుట్లలో ఒక బండి నూనె కార్చుకుంటూ తిరిగిందని చూసినవాళ్ళు చెప్పారు. ఆస్ట్రేలియా రైడరు జాన్ డాడ్స్ పనిగట్టుకుని వెళ్ళి అధికారులకి ఆ సంగతి చెప్పాడు కూడా. వాళ్ళు చెవిని పెట్టలేదు. తుడిపించలేదు. టైమయిపోతోంది, జనం ఎదురుచూస్తున్నారు, జెండా వూపారు.

మొదటి చుట్టులోనే, కుర్వా గ్రాందే అనే పెద్ద మలుపులో, ముందు వరసలో వున్న పసోలినీ పడ్డాడు. వెనకే సారినెన్. తప్పుకోవడానికి చోటు లేదు. మలుపు పక్కనే ఇనుప కమ్మీల కంచె. ఆ వెనక వచ్చేవాళ్ళు ఒకరి మీద ఒకరు. పదిమందికి పైగా పడిపోయారు. ముందటేడు ఒక్క పాయింటు తేడాతో పోటీపడిన ఆ ఇద్దరూ, పసోలినీ, సారినెన్, ఒకే మలుపులో ఒకే నిముషంలో పోయారు.

వంటింట్లో గచ్చు మీద నూనె ఒలికితే మీరేం చేస్తారు? పొయ్యి మీద పాలు పొంగుతున్నా సరే, ముందు ఆ నూనె మీద ఇంత శనగపిండో ముగ్గో పోసి, తుడిచి, పిల్లల్ని “అటు రాకండర్రా” అని కేకేస్తారు. దీనికి ఇంజనీరింగు చదువక్కర్లేదు. ఏడో క్లాసు చదివిన మా పనమ్మాయికి కూడా తెలుసు. అంత పెద్ద సంస్థకి, అన్ని కోట్ల వ్యాపారానికి, కోట్లు వేసుకుని చేతికి పట్టీలు కట్టుకున్న అంతమంది పెద్దమనుషులకి తెలియలేదు. ఎవరైనా ఇంట్లో నూనె తుడవకుండా వదిలేసి, పిల్లాడు జారిపడి తల పగిలితే, “వాడికి నడవడం ఇష్టం, అందుకే నడిచాడు” అంటే మనం వూరుకుంటామా?

అబ్బే, అది నూనె కాదు, పసోలినీ బండి ఇంజను బిగుసుకుపోయింది, అందుకే పడ్డాడు అని ఇంకో వాదన వుంది. విచారణలు జరిపినవాళ్ళు ఆ మాటే అన్నారు. నూనె అనేవాళ్ళు నూనె అంటూనే వున్నారు. ఇన్నేళ్ళయినా తగువు తీరలేదు. సరే, వాళ్ళ మాటే నిజమనుకుందాం. ఇంజనే బిగుసుకుంది. మరి ఆ ఇనుప కంచె మాటేమిటి? ఇంజను బిగుసుకోవడం ఆ రోజుల్లో నెలకో రెండుసార్లు జరిగే సంగతి. పడ్డవాడు దొర్లుకుంటూ గడ్డిలోకి పోయేంత చోటుంటే లేచి దుమ్ము దులుపుకుంటాడు. చోటు లేకుండా చేసిందెవరు?

ఈ కంచె కథ ఇంకా విచిత్రం. అది కార్ల పందేల కోసం వేసింది. జాకీ స్టూవార్ట్ లాంటి కారు పందేల వీరులు ప్రాణరక్షణ కావాలని ఏళ్ళ తరబడి పోట్లాడితే వేసిన కంచె. కారు వెళ్ళి కొట్టుకుంటే కారు నలుగుతుంది, లోపలివాడు బతుకుతాడు. మంచిదే. కానీ మోటార్ సైకిలు వాడికి చుట్టూ కారు లేదే! వాడి ఒంటికీ ఆ ఇనుముకీ మధ్య తోలు చొక్కా ఒక్కటే. ఒకళ్ళని కాపాడిన కమ్మీయే ఇంకొకళ్ళని చంపుతుందని రైడర్లు మొత్తుకుంటూనే వున్నారు. ఆ మొత్తుకోలు వినడానికి అదే ట్రాకు మీద ఇంకా ఎంతమంది పోవాలి? లెక్క కావాలంటే చెబుతాను: ముగ్గురు. సరిగ్గా ఏడు వారాల తర్వాత, జూలై 8న, అదే మోంజాలో జరిగిన ఇటలీ కుర్రాళ్ళ పందెంలో ముగ్గురు చచ్చిపోయారు.

విధి అంటారా! ఏడు వారాల్లో రెండుసార్లు ఒకే ట్రాకు మీదకొచ్చే విధి నాకు తెలియదు. అలా వచ్చేది నిర్లక్ష్యం.

సారినెన్ పోయాక యమహా వాళ్ళు తమ జట్టుని ఆ ఏడాదికి ఉపసంహరించుకున్నారు. పందేలు మాత్రం ఆగలేదు. తర్వాతి నెలలో యుగోస్లావియా. ఇప్పుడది క్రొయేషియాలో వుంది. ఒపాటియా అని సముద్రం ఒడ్డున చక్కటి విహారస్థలం. పందెం అక్కడి రోడ్డు మీదే. ఒక పక్క కొండరాయి, ఇంకో పక్క సముద్రం. పోస్టుకార్డు మీద ఎంతో బావుంటుంది. గంటకి రెండువందల కిలోమీటర్ల వేగంతో వెళ్ళేవాడికి మాత్రం పడితే రాయి, లేకపోతే నీళ్ళు.

అక్కడ ఫిల్ రీడ్, జియాకొమో అగొస్తీనీ ఇద్దరూ “మేం తోలం” అన్నారు. ఇద్దరూ ఎం.వి. అగుస్టా వారి రైడర్లు, ఇద్దరూ అప్పటికే ఎన్నోసార్లు ప్రపంచ ఛాంపియన్లు. పిరికివాళ్ళు అనడానికి వీల్లేదు. అయినా అన్నారు. ఏ దేశంలోనైనా కుర్చీలో కూచుని చూసేవాడికి వున్నంత ధైర్యం బండి తోలేవాడికి వుండదు కదా.

ఇక్కడే మా మరిది మాటకి నా అసలు జవాబు వుంది. ఇష్టం, ఇష్టం అంటారే, “నాకిష్టం లేదు” అని చెప్పగలిగే స్తోమత ఎందరికుంది? రీడ్‌కీ అగొస్తీనీకీ కంపెనీ జీతం వుంది. ఒక పందెం మానేస్తే పొయ్యిలో పిల్లి లేవకుండా వుండదు. మిగతావాళ్ళ సంగతి అది కాదు. ఆ రోజుల్లో డబ్బు ఎలా వచ్చేదనుకున్నారు? గెలిస్తే వచ్చే బహుమతి అంతంతమాత్రం. అసలు ఆధారం హాజరు డబ్బు. పందెంలో దిగినందుకు నిర్వాహకులు రైడరు రైడరుకీ విడివిడిగా బేరమాడి ఇచ్చేది. పేరున్నవాడికి ఎక్కువ, లేనివాడికి పెట్రోలు ఖర్చులంత. నోరెత్తినవాడికి వచ్చే ఏడు పిలుపు రాదు. పిలుపు రాకపోతే వ్యాను కదలదు. వ్యాను కదలకపోతే అందులో వున్న భార్యా పిల్లాడూ ఏం తింటారు?

కూలి ఒప్పుకోకపోతే రేపు పనిలోకి రావద్దనే మేస్త్రీ మన ఊళ్ళోనూ వున్నాడు. ఆ కూలివాడు గోడ కూలి పోతే “ఇష్టపడి వచ్చాడు” అని మేస్త్రీ కూడా అంటాడు.

ఒపాటియాలో పెద్దవాళ్ళిద్దరూ తప్పుకున్నారు. 500 సి.సి. పందెం ఎవరు గెలిచారో తెలుసా? కిమ్ న్యూకోంబ్ అనే న్యూజిలాండు కుర్రాడు. ఇతని కథ వింటే నాకు కడుపు తరుక్కుపోతుంది. జర్మనీ వచ్చి, కోనిగ్ అనే పడవ ఇంజన్ల కంపెనీలో పనికి కుదిరాడు. అవును, పడవల వెనక తగిలించే ఇంజన్లు. ఆ పడవ ఇంజనుని తన చేతులతో సవరించి మోటార్ సైకిలుకి బిగించాడు. ఆ బండితో ఎం.వి. అగుస్టా, యమహా లాంటి కొండల్ని ఢీకొన్నాడు. భార్య జనీన్, నడక నేర్చిన ఒక కొడుకు. ముగ్గురూ కలిసి యూరపంతా తిరిగారు. జనీన్ దగ్గర ఒక చిన్న సినిమా కెమెరా వుండేది. పిల్లాడు ఆడుకోవడం, మొగుడు బండి విప్పడం, పందెం మొదలవడం, అన్నీ తీస్తూ వుండేది.

పెద్దవాళ్ళు వద్దన్న రోడ్డు మీద న్యూకోంబ్ ఎందుకు తోలాడు అని నేను అడగను. అడిగే హక్కు నాకు లేదు. అతను తోలాడు, గెలిచాడు, ఆ సీజన్‌లో పాయింట్ల పట్టికలో పైకి పోయాడు. అడగవలసిన ప్రశ్న వేరే. ఛాంపియన్లే వద్దని లేచిపోయిన రోడ్డు మీద పందెం ఆపకుండా జరిపించినవాళ్ళెవరు? అది జరిగిన నాలుగేళ్ళకి, 1977లో, అదే ఒపాటియాలో ఇద్దరు రైడర్లు పోయారు. అప్పుడు గాని పందేన్ని ఆ రోడ్డు నుంచి తప్పించి మరుసటేడు కొత్త ట్రాకుకి మార్చలేదు. నాలుగేళ్ళ ముందు ఇద్దరు చెబితే వినలేదు, ఇద్దరు చచ్చాక విన్నారు.

న్యూకోంబ్ అప్పటికి లేడు. 1973 ఆగస్టులో ఇంగ్లండులో సిల్వర్‌స్టోన్ అనే చోట ఒక పందేనికి వెళ్ళాడు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ పందెం కూడా కాదది. ముందుగా ట్రాకంతా చూసుకుని, స్టో అనే మలుపు దగ్గర అడ్డం లేని గోడ వుంది, అక్కడ గడ్డికట్టలు పెట్టించండని అడిగాడనీ, వాళ్ళు అక్కర్లేదన్నారనీ చెబుతారు. పందెంలో ఆ మలుపు దగ్గరే పడ్డాడు. ఆ గోడకే కొట్టుకున్నాడు. మూడు రోజులు ఆస్పత్రిలో వుండి, ఆగస్టు 14న పోయాడు. వయసు 29. ఏడాది చివర పట్టిక వేస్తే 500 సి.సి. తరగతిలో రీడ్ మొదటివాడు, న్యూకోంబ్ రెండోవాడు. మనిషి లేకుండానే రెండోస్థానం వచ్చింది.

గడ్డికట్టలు! మా నాన్నగారి ఊళ్ళో గడ్డివాములోంచి రోజూ పశువులకి ఎంత లాగి వేసేవారో అంత గడ్డి. ఆ పందేనికి వచ్చిన జనం కొన్న టిక్కెట్ల డబ్బుతో ఎన్ని వాములు కొనచ్చో లెక్క కట్టమని మా మరిదినే అడిగాను. కట్టలేదు. చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

జనీన్ తీసిన ఆ రీళ్ళు ఆవిడ దగ్గరే వుండిపోయాయి. 2005లో న్యూజిలాండు దర్శకుడు జస్టిన్ పెంబర్టన్ వాటితో ఒక డాక్యుమెంటరీ తీశాడు. కథ చెప్పేది జనీనే. ముప్ఫై ఏళ్ళు దాటాక గాని ఆవిడ చూసిందేమిటో అడిగినవాడు లేడన్నమాట.

ఇహ సంప్రదాయం మాట. బ్రిటిషువాళ్ళకి ఐల్ ఆఫ్ మాన్ అనే ద్వీపంలో టి.టి. అనే పాత పందెం వుంది. 1907లో మొదలెట్టారు. ఒక్క చుట్టు 60 కిలోమీటర్ల పైచిలుకు. ఊళ్ళమధ్య నుంచీ, రాతిగోడల పక్కనుంచీ, కొండ మీదనుంచీ పోయే మామూలు రోడ్డు. పైన పొగమంచు, కింద వాన. 1972 జూన్‌లో అక్కడి వానలో జిల్బెర్తో పర్లోత్తీ అనే ఇటలీ రైడరు పోయాడు. స్నేహితుడు పోయిన ఆ రోజుతో అగొస్తీనీ, ఇక జన్మలో ఈ ద్వీపం మీద పందెం చెయ్యనన్నాడు. అప్పటికి ఆ ద్వీపం మీద పదిసార్లు గెలిచినవాడతను. 1973లో పేరున్న రైడర్లు చాలామంది అటువైపు పోలేదు. “తాతలనాటి పందెం, పౌరుషానికి పరీక్ష” అని పెద్దలు గగ్గోలు పెట్టారు. నాకు మన ఇళ్ళలో పెద్దవాళ్ళు గుర్తొచ్చారు. “మా అత్తగారు పన్నెండు పురుళ్ళు ఇంట్లోనే పోసుకుంది” అంటారు చూడండి. ఎన్ని బతికాయని మాత్రం అడగకూడదు. టి.టి. ఇప్పటికీ జరుగుతోంది. ఆ కొండ రోడ్డు మీద ఇప్పటిదాకా పోయినవాళ్ళు 250 మందికి పైనే.

పౌరుషం అన్నాను కనక ఇంకో ముచ్చట. 1962లో ఇదే టి.టి.లో 50 సి.సి. పందేనికి బెరిల్ స్వైన్ అనే ఆవిడ దిగింది. ఒంటరి బండి మీద అక్కడ పందెం చేసిన మొదటి ఆడమనిషి. మధ్యలో బండి మొరాయించినా చివరిదాకా తోలి పూర్తిచేసింది. ఆ తర్వాత ఆడవాళ్ళకి ఇది ప్రమాదకరం అని ఆవిడ లైసెన్సు లాగేసుకున్నారు. చూశారా! ప్రమాదం వుందని వాళ్ళకి శుభ్రంగా తెలుసు. ఆడది చస్తే లోకం నిలదీస్తుందని భయం. మగవాడు చస్తే “ఇష్టపడి వెళ్ళాడు” అనే మంత్రం సిద్ధంగా వుంది. పాపం మగవాళ్ళు, ఈ ఒక్క విషయంలో వాళ్ళ ప్రాణం మనకన్నా చవక.

మరి పరిస్థితి ఎలా మారింది? దయ వల్ల మారలేదు. రైడర్లు మొండికెయ్యడం వల్ల మారింది. 1974లో జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్‌లో పెద్ద రైడర్లు గడ్డికట్టలు చాలవని పందెం మానేశారు. 1976 తర్వాత టి.టి.ని ప్రపంచ ఛాంపియన్‌షిప్ నుంచి తీసేశారు. 1979లో బెల్జియంలో కొత్తగా వేసిన రోడ్డు జారుతోందని కెన్నీ రాబర్ట్స్ తదితరులు తోలడానికి నిరాకరించారు. నిరాకరించినందుకు శిక్ష కూడా వేశారు వాళ్ళకి! వాళ్ళు ఏకంగా సొంత పందేలు పెట్టుకుంటామని బెదిరిస్తే అప్పుడు దిగొచ్చి బహుమతి డబ్బు పెంచారు. డబ్బు పెరిగితే ప్రాణానికి విలువ పెరిగినట్టే. ఆకలితో వున్నవాడు “వద్దు” అనలేడు కదా.

ఇప్పుడు ట్రాకుల పక్కన విశాలంగా కంకర మైదానాలు, గాలి నింపిన మెత్తటి గోడలు. 2018 నుంచి రైడరు తొడుక్కునే సూటులోనే గాలిసంచీ వుండాలని నిబంధన. పడబోతున్నాడనగానే అది ఉబ్బి భుజాల్ని కాపాడుతుంది. వేగం తగ్గిందా? ఎక్కడ తగ్గింది! 2023లో ఇటలీలోని ముజెల్లోలో బ్రాడ్ బైండర్ గంటకి 366 కిలోమీటర్లు తోలాడు. సారినెన్ కలలో కూడా చూడని వేగం. అయినా 2010 నుంచి 2019 దాకా పదేళ్ళలో ఈ ప్రపంచ ఛాంపియన్‌షిప్ పందేల్లో పోయినవాళ్ళు ముగ్గురు. 1973లో మోంజాలో ఒక్క నిముషంలోనే ఇద్దరు. వేగం ఇంతలా పెరిగినా చావులు తగ్గాయంటే, ఆ బ్రహ్మదేవుడు రాత మార్చాడనుకోవాలా, కంచె మార్చారనుకోవాలా?

అంతా బాగుపడిందని నేననను. 2016లో బార్సెలోనాలో ఒక మలుపు దగ్గర లూయీస్ సలోమ్ అనే 24 ఏళ్ళ కుర్రాడు పోయాడు. మర్నాటికల్లా ఆ మలుపుని మార్చి మిగతా పందేలు నడిపారు. మర్నాటికి మార్చగలిగిన మలుపు ముందురోజు ఎందుకు మారలేదో ఎవరూ చెప్పరు. 2021లో ఒక్క ఏడాదిలో, పెద్ద పందెంలో ఒకడూ, దాని కింది తరగతుల పందేల్లో ఇద్దరూ, మొత్తం ముగ్గురు పిల్లలు పోయారు. వయసులు 19, 14, 15. తర్వాత గాని ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో దిగడానికి కనీస వయసు 18కి పెంచాలని తోచలేదు. పద్నాలుగేళ్ళవాడు “ఇష్టపడి వెళ్ళాడు” అనగలరా ఎవరైనా? మన దగ్గర పద్నాలుగేళ్ళవాడి ఇష్టానికి ఇంటరులో ఏ గ్రూపు తీసుకోవాలో కూడా వదలం.

అది ఎక్కడో యూరపు గొడవ కాదు ఇప్పుడు. 2023 సెప్టెంబరులో ఈ ప్రపంచ ఛాంపియన్‌షిప్ మన దేశానికే వచ్చింది, ఢిల్లీ దగ్గర గ్రేటర్ నోయిడాకి. మావాళ్ళు ఆ రోజు భోజనానికి కూడా లేవలేదు. ఆ ఎండలో తోలడం కష్టమని 24 చుట్ల పందేన్ని 21కి తగ్గించారు. అయినా రెండోస్థానంలో వచ్చిన హోర్హే మార్తీన్ బండి దిగుతూనే వడదెబ్బ తిన్నవాడిలా కూలబడ్డాడు. చుట్లు తగ్గించారని మా మరిది విసుక్కున్నాడు. మూడు చుట్లు తగ్గితే ఇతని సొమ్మేం పోయిందో నాకు అర్థం కాలేదు. ఇంట్లో ఏసీ వేసుకుని కూచున్నవాడికి ఎండ సంగతి ఎలా తెలుస్తుంది? 1973లో జాన్ డాడ్స్ మాట ఇలా విని వుంటే మోంజాలో పందెం అరగంట ఆలస్యమయ్యేది, అంతే.

దానికి నెల ముందే, ఆగస్టులో, చెన్నై దగ్గర జరిగిన జాతీయస్థాయి పందెంలో ఒక బెంగుళూరు పిల్లాడు పోయాడు. వయసు 13.

ఇలాంటి పందేలకి పిల్లల్ని పంపే తల్లిదండ్రులు మన హైదరాబాదులోనూ తయారవుతున్నారు. పంపవద్దని నేను చెప్పను. సారినెన్ తల్లి చెబితే సారినెన్ విన్నాడా? పిల్లలకి రెక్కలొస్తే ఎగురుతారు. కానీ మైనరు పిల్లాడు పందెంలో దిగాలంటే తల్లో తండ్రో ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ఏం జరిగినా బాధ్యత మాదే అని. “ఇష్టపడి వెళ్ళాడు” అనే మాటకి ముందస్తు రసీదు అది. ఆ కాగితం మీ ముందుకొస్తే కలం పట్టుకోకండి. ముందు ట్రాకు చూపించమనండి. చెప్పులు చేత పట్టుకునైనా సరే మొత్తం ఒక చుట్టు నడవండి. గోడ ఎక్కడుంది, కంచె ఎక్కడుంది, పడ్డవాడు దొర్లడానికి చోటెంతుంది, అంబులెన్సు ఎక్కడ నిలబెట్టారు, నూనె ఒలికితే తుడిచేవాడెవరు, ఆ తుడిచేవాడి పేరేమిటి, అడగండి. “అవన్నీ మేం చూసుకుంటాం లెండమ్మా” అంటారు. న్యూకోంబ్‌తో కూడా అక్కర్లేదనే అన్నారట.